ఐదో గీత

"పదకొండూ పది అయింది డెర్మట్. సాయంత్రం నాలుగింటికి నీమీద హత్య కేసు రాసేస్తారు. ఈలోగా నిజం చెప్తే నాకు చెయ్యడానికి పనుంటుంది. అబద్ధం చెప్పేట్టయితే ఈ టీ తాగేసి ఇంటికి పోతా. ఏ సంగతో తేల్చు."

బ్రైడీ లోమాక్స్‌ది మొదట్నుంచీ అదే ధోరణి. ముప్పై ఏళ్లు లివర్‌పూల్ పోలీసుల్లో ఉండి నేరస్థుల్ని పట్టుకుంది. రిటైరయ్యాక ఒక లాయరు ఆఫీసులో చేరి, పట్టుబడ్డవాళ్ల పక్కన కూర్చునే ఉద్యోగం చేస్తోంది. బల్లకి ఆ పక్కన ఉన్నప్పుడు ఏ ప్రశ్నలు అడిగేదో ఈ పక్కకొచ్చాక కూడా అవే అడుగుతుంది.

ఎదురుగా డెర్మట్ లెనిహాన్. యాభై ఎనిమిదేళ్లవాడు, ఒకప్పుడు బస్సు డ్రైవరు. టైడ్‌మెన్ బ్యాండు కుర్రాళ్లు పేరు రాకముందు ఏయే సందుల్లో తిరిగారో, ఏ కొట్టు ముందు చిప్స్ తిన్నారో, ఏ నేలమాళిగలో మొదటిసారి గిటార్లు పట్టుకున్నారో, అవన్నీ టూరిస్టులకు నడిపించి చూపించడమే పదిహేడేళ్లుగా అతని బతుకుతెరువు. రాత్రంతా లాకప్పులో నిద్రలేక మొహం పీక్కుపోయింది.

"చెప్పానుగా. పబ్బుకెళ్లా. బాత్రూమ్‌కి."

"ఏ పబ్బు?"

"చిప్స్ కొట్టు పక్కనున్నదే. ఆడమ్స్‌ది."

"ఆడమ్స్ పబ్బు నిన్న పొద్దున్నుంచీ మూసే ఉంది నాయనా. నేల పలకలు మారుస్తున్నారు. తలుపుకి కాగితం కూడా అంటించారు. ఇప్పుడే చూసొస్తున్నా."

డెర్మట్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కేసంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది. నిన్న బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి, కూపర్స్ సందులోని లాంటర్న్ క్లబ్బు నేలమాళిగ మెట్ల కింద పర్సీ హాస్లమ్ మెడ విరిగి చచ్చిపడి ఉన్నాడు. పర్సీ ఊళ్లోకెల్లా పాత గైడు, డెబ్బై ఒకటి. డెర్మట్ పన్నెండూ యాభైకి తన గుంపులోని పద్నాలుగు మందినీ చిప్స్ కొట్టు ముందు అలాగే వదిలేసి, మాట మధ్యలో ఎటో వెళ్లిపోయాడు. ఒంటిగంటకు రొప్పుకుంటూ తిరిగొచ్చాడు. చిప్స్ కొట్టుకు సరిగ్గా ఎదురుగానే కూపర్స్ సందు మొదలు. పైగా ఆ పొద్దున్నే పర్సీ అందరి ముందూ అతన్ని దొంగ అని తిట్టాడు. ఇంక పోలీసులకేం కావాలి?

"సరే, ఆ పది నిమిషాలూ పక్కన పెట్టు. పర్సీ నిన్ను దొంగ అని ఎందుకన్నాడు?"

ఇది చెప్పడానికి మాత్రం డెర్మట్‌కి అభ్యంతరం లేదు.

"కథలు దొంగిలిస్తున్నానట. నీకు తెలీదు గాని బ్రైడీ, మా గైడుల్లో పాతవాళ్లు ప్రతివాడూ తన టూరులో ఒక సొంత అబద్ధం పెట్టుకుంటాడు. చిన్నదే. ఫలానా బల్ల మీద పాట రాశారని, ఫలానా గోడకి గిటారు ఆనించారని. పుస్తకాల్లో ఎక్కడా ఉండదు, మన బుర్రలోంచి పుట్టింది. అదే ముక్క ఇంకో గైడు నోట వినపడిందా, వాడు మన టూరు దొంగిలించినట్టే లెక్క."

"వారెవ్వా! ఊరంతటి చేతా టిక్కెట్టు కొనిపించి అబద్ధాలు చెప్తున్నారన్నమాట."

"ఒక్కటే అబద్ధం! మిగతాదంతా నిజమే." డెర్మట్‌కి రోషం వచ్చింది. "పర్సీ మరీ ముదిరిపోయాడులే. తన అబద్ధంలో ఒక్కో గుంపుకి ఒక్కో అంకె చెప్తాడు. పొద్దున గుంపుకి మూడు అంటే మధ్యాహ్నం గుంపుకి నాలుగు అంటాడు. దొంగ నోట ఏ అంకె వస్తే, వాడు ఆ గుంపు వెనకాల నిలబడి విన్నట్టు. పోయిన నెల మందు కొడుతూ తనే చెప్పాడు నాకు. పోయిన వారం ఆయన అబద్ధం మా లెనిహాన్ టూరులో విన్నామని ఎవరో టూరిస్టులు రాశారట. శుక్రవారం గైడుల సంఘంలో పెట్టి నా బ్యాడ్జి పీకించేస్తానన్నాడు."

"నువ్వు దొంగిలించావా?"

"లేదు."

"మరి మీ టూరులోకి ఎలా వచ్చింది?"

డెర్మట్ తల దించేసుకున్నాడు. బ్రైడీకి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఎరిగున్న మనిషి, ఒకే చర్చికి వెళ్తారు. నిన్న సాయంత్రం అతని కూతురు ఊనా ఏడుస్తూ ఇంటికొచ్చి, మా నాన్న చెయ్యలేదాంటీ, ఎలాగైనా బయటికి తీసుకురండీ అని చేతులు పట్టుకుంది. ఆ పిల్ల మొహం చూసి కదా ఈ కేసు నెత్తినేసుకుంది! ఈయనేమో పెదవి విప్పడు.

"నీ కూతురు అక్కడ అన్నం మానేసి తిరుగుతోంది. నువ్వు లోపలికి పోతే ఆ పిల్లకెవరున్నారు?"

"తను ఎక్కడుంది ఇప్పుడు?" డెర్మట్ గబుక్కున తలెత్తాడు.

"రెండింటికి మొదలయ్యే నీ టూరు నడపడానికి వెళ్తానంది. పంతొమ్మిది మంది నార్వే నుంచి వచ్చారట. రద్దు చేస్తే ఊరుకోరట."

"ఇంట్లో ఉండమను. టూరూ వద్దు, ఏమీ వద్దు. ఇంట్లో ఉండమన్నానని చెప్పు."

అదొక్కటే చెప్పాడు. ఇంకేమడిగినా గోడకేసి చూశాడు.

*

పన్నెండున్నరకి బ్రైడీ లాంటర్న్ క్లబ్బు మెట్లు దిగింది. పదహారు మెట్లు, రాతివి, ఇరుకు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. కింద ఇన్‌స్పెక్టర్ థోర్ప్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇతన్ని ఒకప్పుడు బ్రైడీయే పని నేర్పి మనిషిని చేసింది. కోర్టులో మొదటిసారి సాక్ష్యం చెప్పే రోజు అతని టై కూడా ఆవిడే సరిచేసింది. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే థోర్ప్‌కి చచ్చేంత చిరాకు.

"పది నిమిషాలు ఇస్తున్నా మేడమ్. ఏదీ ముట్టుకోవద్దు."

"ఈ ముక్క నీకు నేర్పింది నేనేగా."

"మొదలెట్టారా!"

చివరి మెట్టుకి ఎడమ పక్క, ఛాతీ ఎత్తులో, ఇటుక గోడమీద నిలువు గీతలున్నాయి. బ్రైడీ టార్చి వేసింది.

"నీ రిపోర్టులో వీటి గురించేం రాశావ్?"

"పెనుగులాట. హాస్లమ్ గోడ పట్టుకుందామని చూశాడు. ఉంగరమో గోరో గీసుకుంది."

"ఎన్ని ఉన్నాయి?"

"కొన్ని ఉన్నాయి."

"కొన్ని అంటే ఎన్ని బాబూ? లెక్క రాదా?"

థోర్ప్ మొహం ఎర్రబడింది. వంగి చూశాడు. "ఐదు."

"పెనుగులాడుతున్నవాడు ఐదు గీతలూ ఒకే పొడుగున, ఒకే ఎడంలో స్కేలు పెట్టినట్టు గీస్తాడా? పైగా ఐదింటిమీదా మసి రుద్ది ఉంది, పాతవాటిలా కనపడాలని. పర్సీ జేబులో ఏం దొరికాయి?"

"కళ్లజోడు, టిక్కెట్ల కట్ట, చిన్న చాకు."

"చాకు మొనకి ఇటుక పొడి అంటిందా?"

"అంటింది," అన్నాడు థోర్ప్. "కుడి బొటనవేలికి మసి కూడా ఉంది."

"నీ ఫైల్లో పదిహేడో పేజీ ఉంది చూడు, పర్సీ రెండో గుంపులోని డెన్మార్క్ ఆవిడ ఫోన్‌లో రికార్డు చేసిన మాటలు. నువ్వు టైము మటుకే చూసుకున్నావు, మాటలు వినలేదు. పర్సీ ఏమన్నాడు? ఈ క్లబ్బులో టైడ్‌మెన్ వాయించిన మొదటి నెలలో గిటారు తీగ తెగినప్పుడల్లా ఒక గీత గీశారట, నాలుగు తీగలు తెగాయట. నాలుగు. ఆ మాటతో టూరు ముగించి గుంపుని పైకి పంపేశాడు. టైము?"

"పన్నెండూ నలభై రెండు."

"అదే రోజు పదిన్నర గుంపులో లీడ్స్ నుంచి వచ్చిన టీచరు దంపతులున్నారు. గంట క్రితం ఫోన్ చేశా. వాళ్లకి మూడు గీతలని చెప్పాడట. మూడే కనిపించాయట." తర్వాత పర్సీ అంకెల సంగతీ, డెర్మట్ చెప్పిందీ పూసగుచ్చినట్టు చెప్పింది. "అంటే నలభై రెండు తర్వాత ఇక్కడ నిలబడి, తాపీగా, తన తర్వాతి గుంపు కోసం ఐదో గీత గీసుకుని మసి రుద్దుకున్నాడు. మీరేమో దీన్ని పెనుగులాట అని రాసుకున్నారు."

థోర్ప్ ఐదో గీతకేసి వంగి చూశాడు. ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకుంటాడు, అంతవరకు మంచివాడే. కానీ ఓడిపోవడం ఇష్టం ఉండదు.

"బాగుంది. గీతలు ఆయనే గీశాడు. దాంతో మీ డెర్మట్ ఎలా బయటపడ్డాడు? ఐదో గీత గీశాక వచ్చి పైనుంచి తోసి ఉండొచ్చుగా. ఆ పది నిమిషాలు ఎక్కడున్నాడట? చెప్పండి, ఇప్పుడే వదిలేస్తా."

బ్రైడీ టార్చి ఆర్పేసింది.

"చూశారా! మీకూ తెలీదు. నాలుగింటికి రాసేస్తున్నా."

"థోర్ప్, గీతలు ఐదని ఎవరెవరికి తెలుసు?"

"మనిద్దరికీ. నేను కూడా ఇప్పుడే లెక్కపెట్టా కదా." ఎత్తిపొడుపులా అన్నాడు గాని, అంతలోనే అతని గొంతు మారింది. "క్లబ్బు కాపలా ఆవిడ పైమెట్టు మీంచే పర్సీ బూట్లు చూసి కేకలేసింది, దిగలేదు. తర్వాత మా మనుషులు తప్ప ఎవరూ రాలేదు."

"పోయినాయనకి తెలుసు. ఇంకొక్కరికి కూడా తెలుసు. పర్సీ ప్రాణం పోయేప్పుడు ఇక్కడున్నవాళ్లకి."

"అయితే ఏం చేస్తారు, ఊరంతా తిరిగి గీతలెన్నని అడుగుతారా?"

"అడగను. గైడులు నోరు మూసుకుని ఉండలేరు. నేను కూర్చుని వింటా."

*

కూపర్స్ సందులో, క్లబ్బు రెయిలింగుకి ఎదురుగా ఒక బెంచీ ఉంది. బ్రైడీ ఒంటిగంటన్నరకి అక్కడ కూలబడి, రొట్టె మధ్యలో చిప్స్ పెట్టించుకుని తింటూ కూర్చుంది. పోలీసులు లోపలికి పోనివ్వట్లేదు కాబట్టి గైడులంతా రెయిలింగు దగ్గరే గుంపుల్ని ఆపి ఉన్నమాటా లేనిమాటా చెప్పి పంపేస్తున్నారు.

ఒంటిగంటా యాభైకి నెవిల్ పార్ అనే గైడు వచ్చాడు. పదకొండేళ్లుగా చెప్పే కథే చెప్పాడు, సంవత్సరం కూడా ఎప్పట్లాగే తప్పు చెప్పాడు. గీతల ఊసే లేదు. రెండూ ఇరవైకి ఇంకో గైడు వచ్చింది. పర్సీ చావు గురించి గొంతు తగ్గించి నాలుగు ముక్కలు చెప్పింది. గీతల మాట ఆవిడకీ తెలీదు. గడియారం చూసుకున్నప్పుడల్లా బ్రైడీకి గాభరా పెరిగిపోతోంది.

రెండూ యాభైకి ఊనా వచ్చింది.

ఇరవై నాలుగేళ్ల పిల్ల, తండ్రి గొడుగే పట్టుకుంది. నిద్రలేని కళ్లు. అయినా నార్వే వాళ్ల ముందు నవ్వుతూ నిలబడింది. బ్రైడీని చూసి చిన్నగా తలూపింది. తండ్రి ఇంట్లో ఉండమన్నాడని ఫోన్ చేసి చెప్పినా వినలేదు, మొండిఘటం.

"లోపలికి వెళ్లలేమా?" ఒక పెద్దాయన అడిగాడు. "ఇది చూద్దామనే కదా ఇంతదూరం వచ్చాం!" వెనక నలుగురైదుగురు అవునవునన్నారు. ఒకావిడ అప్పుడే ఫోన్ తీసి మరేదో చూసుకుంటోంది.

గుంపు జారిపోతుంటే ఏ గైడైనా ఊరుకుంటాడా? ఊనా గొడుగు పైకెత్తింది.

"వెళ్లలేం గాని, లోపల ఉన్న ఒక సంగతి చెప్తాను. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. మెట్లు దిగాక ఎడమ పక్క గోడమీద గీతలున్నాయి. మొదటి నెలలో వాళ్లకి గిటారు తీగ తెగినప్పుడల్లా ఒకటి గీశారు. ఐదు తీగలు తెగాయి. ఐదు గీతలు."

పంతొమ్మిది మందీ ఒక్కసారి ఆహా అన్నారు.

బ్రైడీ చేతిలోని రొట్టె అలాగే ఉండిపోయింది. పొరపాటున వచ్చిందేమో, ఎవరో చెప్పి ఉంటారేమో అని ఒక్క క్షణం తన్ను తానే మభ్యపెట్టుకుంది. ఎవరు చెప్తారు? ఐదని పర్సీ ఏ గుంపుకీ చెప్పనే లేదు. ఆ గుంపు రాకముందే పోయాడు.

లేచి వెళ్లి ఊనా మోచెయ్యి పట్టుకుంది. "వాళ్లని ఐదు నిమిషాలు ఫోటోలు తీసుకోమను."

ఊనా అలాగే చెప్పి పక్కకి వచ్చింది. "నాన్న సంగతేమైనా తెలిసిందా ఆంటీ?"

"ఆ గీతల కథ నీకెవరు చెప్పారు?"

"అదా? పర్సీ తాతది. ఎప్పట్నుంచో చెప్తున్నాడు కదా."

"ఐదని ఎప్పుడూ చెప్పలేదు. నిన్న మొదటి గుంపుకి మూడని చెప్పాడు, రెండో గుంపుకి నాలుగని. నాలుగని చెప్పి వాళ్లని పంపేశాక ఐదోది గీశాడు. పోలీసులు కాక ఆ ఐదు చూసినవాళ్లు ఒక్కరే ఉన్నారు తల్లీ."

ఊనా మొహంలో నెత్తురు చుక్క లేదు. గొడుగు రెండు చేతుల్తో పట్టుకుంది.

"బతిమాలదామని వెళ్లానంతే," అంది. "కథలు తీసుకుంది నేను. నాన్నకి తెలీదు. మా టూరు పదిహేడేళ్లుగా ఒకటే, జనం తగ్గిపోతున్నారు. అందుకని పర్సీ తాత గుంపుల వెనకాల నిలబడి రాసుకుని, నేను టూరు నడిపిన రోజుల్లో చెప్పేదాన్ని. నాన్న బ్యాడ్జి తీసేస్తారంటే, తప్పు నాదీ, నాన్నది కాదూ అని చెప్పాలని పరిగెత్తా. ఆయన గోడ గీస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడాంటీ. ఇది కూడా రాసుకో, ఐదు తీగలు, అన్నాడు. నా నోట్‌బుక్ లాక్కుని, ఇదే రుజువు, సంఘానికి చూపిస్తా అంటూ మెట్లెక్కాడు."

"నువ్వు?"

"వెనకాలే ఎక్కి లాగాను. నోట్‌బుక్కునే లాగాను, ఆయన్ని కాదు. ఆయన వదల్లేదు. నేను గోడకి తగిలాను, ఆయన నా పక్కనుంచి కిందకి... పదకొండో మెట్టో, పన్నెండో. పిలిచాను. మూడుసార్లు పిలిచాను. పలకలేదు. నోట్‌బుక్ తీసుకుని పారిపోయా."

"అంబులెన్సుకి ఎందుకు ఫోన్ చెయ్యలేదే?" బ్రైడీ గొంతు తెలీకుండానే లేచింది. గుంపులో ఇద్దరు ఇటు తిరిగారు.

"భయమేసింది. ఇంటికెళ్లి తలుపేసుకున్నా. సాయంత్రం నాన్నని పట్టుకెళ్లారని తెలిసింది. నాన్న చెయ్యలేదు కాబట్టి సాక్ష్యం ఉండదు, మీరుంటే వదిలేస్తారనుకున్నా. వదిలేస్తారుగా? ఆ పది నిమిషాలు ఎక్కడున్నాడో చెప్తే చాలుగా? ఎందుకు చెప్పట్లేదు ఆయన?"

బ్రైడీకి అప్పుడర్థమైంది, ఈ పిల్లకి నిజంగానే తెలీదని.

"సందులోంచి ఎటు పరిగెత్తావు?"

"అటే, చిప్స్ కొట్టు వైపు. అక్కణ్నుంచి రేవుకి."

"చిప్స్ కొట్టు చూపించేటప్పుడు మీ గైడులు ఎలా నిలబడతారు?"

"కొట్టుకి వీపు పెట్టి. గుంపు మొహాలు కొట్టువైపు..." ఊనా ఆగిపోయింది.

"పద్నాలుగు మందీ కొట్టుని చూస్తున్నారు. ఈ సందుకేసి చూస్తున్నవాడు మీ నాన్న ఒక్కడే. నువ్వు ఏడుస్తూ పరిగెత్తడం చూసి, ఉన్నపళంగా గుంపుని వదిలేసి నీ వెనకాల వచ్చాడు. రేవు దగ్గర పది నిమిషాలు వెతికాడు, నువ్వు దొరకలేదు. సాయంత్రం పర్సీ పోయాడని పోలీసులు చెప్పేసరికి ఆయనకి అంతా తెలిసిపోయింది. అందుకే నోరు విప్పట్లేదు."

ఊనా రెయిలింగు పట్టుకుంది. నార్వే పెద్దాయన గడియారం చూపిస్తూ చెయ్యెత్తాడు. మూడూ ఐదు.

"మీకు తప్ప ఎవరికీ తెలీదుగా ఆంటీ," అంది చాలా మెల్లగా.

ఆ మాటకి బ్రైడీకి కోపం రావాల్సింది. రాలేదు, జాలేసింది. తను డెర్మట్ తరఫున కూర్చున్న మనిషి. డెర్మట్‌ని అడిగితే ఏమంటాడో ఆవిడకి తెలుసు. ఏం చెప్పాలా అని నోరు తెరిచేలోపు చేతిసంచిలో ఫోన్ మోగింది. థోర్ప్. ఒక్క క్షణం ఆలోచించి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

"మీవాడు ఒప్పేసుకున్నాడు మేడమ్," అన్నాడు థోర్ప్. గెలిచినవాడి గొంతులా లేదు. "మీరు వచ్చేదాకా ఆగు అన్నా. వినలేదు. తనే తోశానన్నాడు, సంతకం పెడతానంటున్నాడు. గోడమీద గీతలెన్ని అని అడిగా. గీతలేంటి అన్నాడు. ఎన్నో మెట్టు మీంచి తోశావంటే మొదటి మెట్టన్నాడు, మళ్లీ చివరిదన్నాడు. వీడు ఆ మెట్లే దిగలేదు. బ్రైడీ, ఎవరికోసం ఒప్పుకుంటున్నాడు వీడు?"

బ్రైడీ ఫోన్ అలాగే చేతిలో పట్టుకుని ఊనాకేసి చూసింది. పిల్ల గొడుగు ముడిచి గోడకి ఆనించింది. కళ్లు తుడుచుకోలేదు. ముందుకొచ్చి ఫోన్ మీదికి వంగింది.

"నాకోసమండీ," అంది. "నేను ఆయన కూతుర్ని."